మేనమామ చేతుల కొలత

చండ్రుగొండ
ఏప్రిల్ 21, 2025

చి. పద్మప్రియకు మామయ్య రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, ఎర్రావు తప్ప. దానికి కాలు బెణికింది. నీ పెళ్లి ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "ఆఁ, ఆఁ" అన్నానే గానీ ఇంకేమీ అనలేకపోయాను. నువ్వు హాస్టల్లో చదివేటప్పటి నుంచీ నీకు తెలుసుగా, నాకు మాటలు కాగితం మీదే వస్తాయి. అందుకని ఇప్పుడు అంటున్నాను. చాలా సంతోషం.

నిన్న ఖమ్మం నుంచి భాస్కర్ వచ్చాడు. మా చిన్నాన్న కొడుకు కాబట్టి వాడూ నీకు మేనమామే, కాదనను. నలభై ఐదేళ్లొచ్చినా సిమెంటు కొట్టు తెరవకముందే జిమ్ముకు పోతాడట. చొక్కా చేతులు పైకి మడిచి కండలు చూపించాడు. మీ అత్తయ్య కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి చూసింది. పెళ్లిలో నిన్ను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది తనేనన్నాడు. "అన్నయ్యకి ఇంకా ఓపికెక్కడిది వదినా? అరవై ఏడు దాటాయి. నేనొక్కడినే ఎత్తుతా. వీడియోవాడికి కూడా చెప్పి పెట్టా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీ అమ్మను మా మేనమామ ఒక్కడే ఎత్తాడు. మీ అమ్మకు తోడబుట్టినవాణ్ణి నేనొక్కడినే. ఆ మాట అనాలనుకున్నాను. అనలేదు.

ఇంకో సంగతి. తోటలో ఆయిల్‌పామ్ గెలలు ఎత్తుతుంటే చేతులు వణుకుతున్నాయి. నువ్వు దవాఖానాలో అందరికీ కసరత్తులు చేయిస్తావుగా. చేతులకు బలం వచ్చే తేలికపాటివి ఏమైనా ఉంటే రాయి. మోకాళ్లకు వద్దు. చేతులకే. జల్దీ రాయి.

మీ మామయ్య
వెంకటరామారావు


కొత్తగూడెం
ఏప్రిల్ 28

మామయ్యా,

నీ ఉత్తరం దవాఖానాకే వచ్చింది. మా నర్సు "ఈ రోజుల్ల ఉత్తరమేంది మేడమ్, కోర్టు నోటీసా?" అని అడిగింది. మా మామయ్యకు ఫోన్ కంటే పోస్ట్‌మ్యాన్ మీద నమ్మకం ఎక్కువని చెప్పాను.

ఆ గెలలు నువ్వెందుకు ఎత్తుతున్నావు? తోట పనికి పెట్టుకున్న పూల్‌సింగ్ ఏం చేస్తున్నాడు? సరే, అడిగావు కాబట్టి రాస్తున్నా. వెనక కాగితం మీద బొమ్మలు కూడా గీశాను. అగ్గిపుల్లల్లా ఉన్నాయి, నవ్వకు.

గోడకు చేయి చాచినంత దూరంలో నిలబడు. అరచేతులు భుజాల ఎత్తున గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ ఛాతీ గోడ దగ్గరకు తీసుకెళ్లు. మళ్లీ నెట్టు. పదిసార్లు. కాసేపు ఆగి ఇంకో పది. లీటరు సీసాలు రెండింటి నిండా నీళ్లు పోసుకో. మోచేతులు పక్కలకు ఆనించి ఉంచి, సీసాలు భుజాల దాకా ఎత్తి మెల్లగా దించు. ఎత్తేటప్పటి కంటే దించేటప్పుడే తొందర పడకూడదు. ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు, మెల్లగా దించడంలోనే ఉంది బలమంతా. తర్వాత ఒకే సీసా రెండు చేతులతో పట్టుకుని తల వెనక్కి దించి పైకి లేపు, అది చేయి వెనకభాగానికి. పిడికిలికైతే తడి తువ్వాలు పిండడం చాలు. ఊపిరి బిగబట్టకు, బీపీ మాత్ర మానకు. రోజు విడిచి రోజు చెయ్యి. నొప్పి పుడితే ఆపు. మొండితనం చెయ్యకు.

ఇక్కడి సంగతి ఏముంది. పెళ్లికొడుకు మంచివాడే. వాళ్ల పెద్దమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి "పిల్ల పుష్టిగా ఉంది" అంది. పోయినేడు ఒక సంబంధం ఈ మాట మీదే పోయిందిగా. అప్పటి నుంచి అమ్మ నాకు అన్నం మాన్పించి జావ పోస్తోంది, ఆదివారం ఆదివారం కాటా ఎక్కిస్తోంది. మన చుట్టాల్లో నన్ను తూకం వేయనివాడివి నువ్వొక్కడివే మామయ్యా.

భాస్కర్ మామయ్య మాటలు పట్టించుకోకు. నా బుట్ట ఎవరు ఎత్తాలో నాకు తెలుసు.

నీ
పద్మ


చండ్రుగొండ
మే 10

చి. పద్మకు,

ఎర్రావు లేచి తిరుగుతోంది. ఎండలు బాగా ముదిరాయి.

నువ్వు రాసినవి మొదలుపెట్టాను. మొదటి రోజు వసారా గోడను నెట్టాను. పూల్‌సింగ్ చూశాడు. "ఏందయ్యా, గోడ జరుపుతున్నవా? చెప్తే నేనో చెయ్యేస్తుంటిగా" అన్నాడు. అప్పటి నుంచి కొట్టం వెనక చేస్తున్నాను. ఆవు చూస్తుంది గానీ ఎవరికీ చెప్పదు. సీసాలు నీళ్లతో తేలిగ్గా ఉన్నాయని ఇసుక పోశాను. రెండు తువ్వాళ్లు చిరిగాయి. మీ అత్తయ్య ఎలుకలనుకుని బోను పెట్టింది.

మొన్న ఆవిడ ఫోన్లో భాస్కర్ ఫోటో వచ్చింది. బనీను వేసుకుని అద్దం ముందు తనే తీసుకున్నాడు. మీ అత్తయ్య రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. "చూశారా, ఎంత శ్రద్ధో" అంది నాతో. చూశాను. పొట్టి చేతులు. లావుగా ఉన్నాయి, పచ్చి గెలల్లా. నావి పొడుగు, ఎండిపోయిన మట్టల్లా. మా పెళ్లయిన కొత్తలో మీ అత్తయ్య నా చేతులు కూడా చూసేది. ఆ ఫోటోకు మన చుట్టాలు ముప్పై ఒక్కమంది బొటనవేళ్లు పెట్టారు. అందులో నీదీ ఉంది.

బుట్ట ఎవరు ఎత్తాలో నీకు తెలుసన్నావు. ఎవరో రాయలేదు. రాయకపోయినా ఫరవాలేదు.

ఒక మాట అడుగుతాను. నీ బరువు ఎన్ని కిలోలు? సరిగ్గా ఎంతో రాయి. ఊరికే అడుగుతున్నాను.

మామయ్య


కొత్తగూడెం
మే 17

మామయ్యకు,

నువ్వు కూడానా?

పెళ్లివాళ్లు అడిగారు. బట్టల కొట్టువాడు అడిగాడు. అమ్మ ప్రతి ఆదివారం అడుగుతుంది. నువ్వు అడుగుతావని మాత్రం అనుకోలేదు. చేతులు వణుకుతున్నాయని రాసి, ఆ తర్వాత నా బరువు ఎంతని అడిగితే నేనేం అర్థం చేసుకోవాలి? ఎత్తలేనని నేరుగా రాస్తే సరిపోయేది. నాకేం కోపం వచ్చేది కాదు. వచ్చేదేమో. కానీ ఇంతగా వచ్చేది కాదు.

భాస్కర్ మామయ్యకు ఫోన్ చేశాను. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "నువ్వెంత ఉంటే ఏంది తల్లీ, నేను లేనా" అన్నాడు. బుట్ట ఆయనే ఎత్తుతాడు. మాట ఇచ్చేశాను, అమ్మకూ చెప్పాను. ముహూర్తం ఆగస్టు 14 పొద్దున.

బుట్ట మాత్రం పెద్ద మేనమామ ఇంటి నుంచే రావాలని అమ్మ అంటోంది. వీలైతే పంపు. లేకపోతే ఇక్కడే కొంటాం.

కసరత్తులు నొప్పి లేకపోతే చేసుకో.

పద్మప్రియ


చండ్రుగొండ
జూన్ 3

చి. పద్మప్రియకు,

ఉత్తరం అందింది. భాస్కర్ ఎత్తడం మంచిదే. బలమైనవాడు. వీడియో కూడా బాగా వస్తుంది.

కొనొద్దు. బుట్ట నేనే పంపుతాను. మా ఊరి చివర దస్రు వెదురు అల్లుతాడు. నిన్న వెళ్లి చెప్పాను. కొలత అడిగాడు. చేతులు చాచి చూపించాను. "గింత పెద్దగెందుకయ్యా? పెండ్లిపిల్లకా, వడ్లకా?" అన్నాడు. అంతే ఉండాలన్నాను. పట్టుకోవడానికి రెండు పక్కలా రెండు పిడులు పెట్టమన్నాను.

తొలకరి పడింది. తోటలో గడ్డి లేచింది.

నువ్వు అర్థం చేసుకున్నట్టు నేను అడగలేదు. ఎలా అడిగానో రాయడం రావడం లేదు.

మామయ్య


కొత్తగూడెం
జూన్ 22

మామయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నా.

నిన్న అత్తయ్య ఫోన్ చేసింది. అమ్మ స్పీకర్లో పెట్టింది. "వదినా, మీ అన్నయ్య మీద నాకు అనుమానంగా ఉంది. తెల్లారేసరికి పక్కమీద ఉండడు. ఎటు పోతున్నాడో చూద్దామని వెనకే వెళితే కొట్టంలో మక్కల బస్తాను కౌగిలించుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. నన్ను చూసి బస్తా దించి, దాని మీద కూర్చున్నాడు" అంది. అమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు అత్తయ్య ఇంకో మాట చెప్పింది. ఆ బస్తా మీద సుద్దముక్కతో "ప" అని రాసి ఉందట. దాని కింద 58 అని, కొట్టేసి 60 అని.

లేచి లోపలికి వెళ్లిపోయాను మామయ్యా. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

బస్తా ఎంత నింపాలో తెలియక అడిగావు. ఆ ఒక్క ముక్క రాస్తే నీ పెన్నులో సిరా అయిపోయేదా? నేను దవాఖానాలో రోజంతా మనుషుల ఒళ్లు చూసి ఎక్కడ నొప్పో చెప్తాను. నీ ఉత్తరం చూసి చెప్పలేకపోయాను. తప్పు నాదే. నాది సగం, నీది సగం.

నువ్వు అడిగిన సంఖ్య మాత్రం రాయను. ఆ బస్తాలో ఇంకా చాలా పొయ్యాలని మాత్రం చెప్తాను. కానీ ఒక్కసారే పొయ్యకు. వారానికి రెండు కిలోలు, అంతే. నడుము వంచి ఎత్తకు, మోకాళ్లు వంచి లే. బస్తాను ఒంటికి దగ్గరగా పట్టుకో.

ఇప్పుడు నా బాధ వేరే. భాస్కర్ మామయ్యకు మాట ఇచ్చాను. ఆయన ఖమ్మంలో తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. వద్దంటే చిన్నబోతాడు. ఏం చెయ్యమంటావు? నువ్వు వద్దనమంటే అంటాను. నిజంగా అంటాను.

నీ
పద్మ


చండ్రుగొండ
జూలై 9

చి. పద్మకు,

వద్దనకు. ఇచ్చిన మాట తీసుకోకూడదు.

మీ అత్తయ్యకు సంగతి తెలిసింది. కొత్త తువ్వాలు ఒకటి తెచ్చి కొట్టంలో మేకుకు తగిలించింది. ఎలుకల బోను తీసేసింది.

బస్తా 66 దాకా వచ్చింది. ఎత్తి పది అడుగులు వేస్తాను. నువ్వు చెప్పినట్టు మెల్లగా దించుతాను. పూల్‌సింగ్ లెక్కపెడతాడు. "అయ్యా, పెండ్లిపిల్ల గిట్ల గమ్మున కూసోదు, కదులుతది" అని మొన్న బస్తాను పక్క నుంచి ఊపాడు. పడబోయి నిలబడ్డాను.

భాస్కర్ ఎత్తుతాడని తెలిసీ ఎందుకు చేస్తున్నావని నువ్వు అడగొచ్చు. మానేస్తే వాడే గెలిచినట్టు ఉంటుంది. నాకు కుళ్లు. ఇంత వయసొచ్చి రాయడానికి సిగ్గుగా ఉంది. వాడి కండల మీద కాదు. వాడు నలుగురిలో "నేను ఎత్తుతా" అన్నాడు చూడు, ఆ నోటి మీద. నాకు ఆ నోరు ఉంటే ఏప్రిల్లోనే అనేవాణ్ణి. పొద్దున్నే సీసాలు ఎత్తేటప్పుడు ఒక్కోసారి వాడికి జలుబు చెయ్యాలని అనుకుంటాను. పెద్ద జబ్బు కాదు. జలుబే.

బుట్ట గురించి నీకు ఒక సంగతి చెప్పాలి. పెళ్లయ్యాక చెప్తాను.

మామయ్య


కొత్తగూడెం
ఆగస్టు 4

మామయ్యా,

పూల్‌సింగ్ ఆటోలో బుట్ట తెచ్చాడు. ఆటోలో పట్టక పైన కట్టుకొచ్చాడు. గుమ్మంలోంచి అడ్డంగా తిప్పి లోపలికి తేవాల్సి వచ్చింది. అమ్మ "మా అన్నయ్యకు బుద్ధుందా, ఏనుగుపిల్లను కూర్చోబెడతాడా" అని తల పట్టుకుంది. పూల్‌సింగ్ "అమ్మా, అయ్య కొలతే గంత" అన్నాడు. వెదురు ఇంకా పచ్చి వాసన వేస్తోంది. అంచుకు పసుపు రాశాం.

అందరూ వెళ్లాక ఒక్కదాన్నే అందులో కూర్చుని చూశాను. ఈ మూడు నెలల్లో దేనిలో కూర్చున్నా, ఏది తొడుక్కున్నా నాకు ఇరుకుగానే ఉంది. జాకెట్లు, గాజులు, ఫోటోవాడి కుర్చీ. ఇందులో మాత్రం మఠం వేసుకుని కూర్చున్నా ఇంకా చోటు మిగిలింది. నువ్వు అందుకే పెద్దగా అల్లించావని నాకు అర్థమైంది. నాకోసం ఇంత ఆలోచించింది నువ్వొక్కడివే.

ముందు రోజే రా. తెల్లచొక్కా వేసుకో, చేతులు మడిచి. కండలు నేనూ చూడాలి.

నీ
పద్మ


చండ్రుగొండ
ఆగస్టు 20

చి.ల.సౌ. పద్మప్రియకు మామయ్య దీవించి రాసేది.

మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను. మీ అత్తవారి ఇంటికి ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

పెళ్లయ్యాక చెప్తానన్న సంగతి చెప్తున్నాను. బుట్టలో నువ్వు కళ్లు మూసుకుని కొబ్బరిబొండాం గట్టిగా పట్టుకుని ఉన్నావు. కాబట్టి నీకు తెలియనివి కూడా ఉన్నాయి.

నువ్వు సుఖంగా కూర్చోవాలని నేను ఆ బుట్ట పెద్దగా అల్లించలేదు. నువ్వు అనుకున్నది నిజం కాదు. భాస్కరే ఎత్తుతాడని నువ్వు రాసిన ఉత్తరం చదివి మూడు రోజులు అన్నం సయించలేదు. భాస్కర్ చేతులు పొట్టివని నాకు తెలుసు. ఈ పిడి నుంచి ఆ పిడికి వాడికి అందకూడదని అల్లించాను. నాకు మాత్రమే అందేలా. వాడు వంగి, అందక, నలుగురిలో నిలబడితే అప్పుడు నన్ను పిలుస్తారని. వీడియోలో నేనుంటానని. మేనమామ చెయ్యాల్సిన పని కాదు. దస్రుకు కూడా చెప్పలేదు.

అనుకున్నట్టే అయింది. గౌరీపూజ అయింది. భాస్కర్ చొక్కా చేతులు మడిచాడు. వంగాడు. ఒక పిడి అందితే రెండోది అందలేదు. బుట్టను ఛాతీకి ఆనించుకుని చూశాడు. బుట్ట ఒక పక్కకు ఒరిగింది. నువ్వు "అమ్మా" అన్నావు. వీడియోవాడు "సార్, ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారీ అందలేదు. మీ అత్తవారి తరఫున ఎవరో నవ్వారు. వాళ్ల పెద్దమ్మ "పిల్ల బరువు కాబోలు" అంది.

నేను స్తంభం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. భాస్కర్ ముఖం కందిపోయింది. ఒక్క క్షణం నాకు బాగుంది. ఎంత బాగుందంటే కదలలేదు. రాయకపోతే దాచినట్టు అవుతుంది కాబట్టి రాస్తున్నాను. ఆ తర్వాత ఆవిడ అన్న మాట చెవిలో పడింది. నేను వాడి చేతులకు పెట్టిన కొలత నీ మీదికి వచ్చింది. నువ్వు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నావు. ఆ మాట నీకూ వినబడింది.

అప్పుడు భాస్కర్ నా వైపు చూశాడు. పెదవులు కదిపీ కదపకుండా "అన్నయ్యా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు. ఇంకెవరికీ వినబడలేదు.

వెళ్లాను. నేనొక్కడినే ఎత్తొచ్చు. బస్తా 71 దాకా ఎత్తాను. వాడూ పక్కకు తప్పుకోబోయాడు. మూడున్నర నెలలు ఆ ఒక్క నిమిషం కోసమే గోడ నెట్టాను. కానీ "తప్పుకో" అనడానికి నోరు రాలేదు. ఈసారి సిగ్గు వల్ల కాదు. ఒక పిడి నేను పట్టుకుని, రెండోది వాడికి చూపించాను. ఇద్దరం చెరో చేయి బుట్ట కింద వేసుకున్నాం. మోకాళ్లు వంచి లేచాం. గుమ్మం నుంచి మండపానికి ఇరవై మూడు అడుగులు. పూల్‌సింగ్ లెక్కపెట్టాడట. వాడిది పొట్టి అడుగు, నాది పొడుగు. నేనే తగ్గించాను.

ఆ నడకలో నేను గట్టిగా ఒక మాట అన్నాను. నువ్వు విన్నావో లేదో. "బుట్ట పెద్దదైంది. తప్పు నాది. పిల్ల పువ్వులా ఉంది" అన్నాను. రెండు వందల మందిలో. మీ అత్తయ్య ఇప్పటికీ నమ్మడం లేదు, అది నేనేనంటే. వాళ్ల పెద్దమ్మ ముఖం నేను చూడలేదు. మీ అత్తయ్య చూసిందట, బాగుందట.

దించడం గుర్తుందా. భాస్కర్ తొందరపడబోయాడు. "మెల్లగా" అన్నాను. ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు. నీ పాదం పీటకు తగిలేదాకా నా చేయి వదల్లేదు.

పెళ్లి అయ్యాక భాస్కర్ నా పక్కన కూర్చుని భోంచేశాడు. నా ముంజెయ్యి నొక్కి చూసి "ఏ జిమ్ అన్నయ్యా?" అన్నాడు. కొట్టం అన్నాను. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. రానీ. బస్తా ఇస్తాను. బుట్ట సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. అది కాగితం మీద రాయకూడదు. నోటితో చెప్పాలి. కసరత్తు చేస్తున్నాను.

నీ బరువు నేను మళ్లీ అడగను. నాకు ఇప్పుడు తెలుసు. నా చేతులకు తెలుసు. ఎవరికీ చెప్పను. కాకపోతే సగమే తెలుసు. రెండో సగం భాస్కర్‌కు తెలుసు. అదొక్కటే ఇంకా కొంచెం కుళ్లుగా ఉంది.

మీ మామయ్య
వెంకటరామారావు